సినిమావాళ్లు అడిగిన అమెరికా పిల్ల

పోయిన నెలలో ఫ్రిస్కో నుంచి లాస్య అనే అమ్మాయి ఫోన్ చేసింది. తెలుగు సినిమా యూనిట్లు టెక్సస్‌లో షూటింగ్‌కి వస్తే అక్కడ లోకల్ కోఆర్డినేటర్‌గా పనిచెయ్యబోతోందట. మొన్నమొన్నటిదాకా నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో చేసిన పనే అది. కొత్తగా దిగుతోంది కాబట్టి మంచి ఉత్సాహంలో ఉంది. పార్కుల్లో పర్మిషన్లు, ఇన్సూరెన్సు, వ్యాన్లు, భోజనాలు అన్నీ గుక్క తిప్పుకోకుండా అడిగింది. తెలిసినంతా చెప్పాను. చివర్లో అసలు సంగతికి వచ్చింది.

“మణి ఆంటీ, మీరు ఒక మూవీలో పెట్టారు కదా, ఆ రిటర్న్ అమ్మాయి. ఆమె నంబర్ ఉందా? మా డైరెక్టర్‌కి ఎగ్జాక్ట్‌గా అలాంటి క్యారెక్టరే కావాలంట. ఇప్పుడు కొంచెం పెద్దయ్యుంటుంది, బట్ వర్క్ అవుతుంది.”

కనుక్కుని చెప్తానని ఫోన్ పెట్టేశాను. ఆ అమ్మాయి పేరు నిత్య. లాస్యకి ఆ పేరు కూడా తెలియదు. ఇందులో లాస్య తప్పేమీ లేదు. ఇక్కడి తెలుగువాళ్లలో ఎవర్ని కదిపినా నిత్యని ఆ ఒక్క మాటతోనే గుర్తుపడతారు.

పర్మిషన్ల సంగతి లాస్య ఒక్క షూటింగ్‌లో నేర్చేసుకుంటుంది. నేర్పేవాళ్లు లేని సంగతి ఇంకొకటి ఉంది. అది రాయాలనిపించి కూర్చున్నాను.

మా పని

నేను హీరోలతో కాఫీలు తాగుతూ బతికానని మా చుట్టాల్లో చాలామందికి గట్టి నమ్మకం. కాఫీలు అందించిన మాట నిజమే. మిగతాదంతా అడుక్కోవడం.

యూనిట్‌లో అందరికీ వీసాలు రావు. డైరెక్టరు, కెమెరా, హీరో హీరోయిన్లు, ఇంకో గుప్పెడు మంది దిగుతారు. తక్కినవన్నీ ఇక్కడి తెలుగువాళ్ల దగ్గర్నుంచి రావాలి. ఇల్లు మనవాళ్లది, కారు మనవాళ్లది, వంట మనవాళ్లది, వెనక నడిచే జనం మనవాళ్ల పిల్లలు. ఎవరూ కాదనరు. సినిమా మన గుమ్మంలోకి వస్తోందంటే ఆఫీస్‌కి సెలవు పెట్టుకుని మరీ బిర్యానీ వండి తెచ్చిన వాళ్లున్నారు. హీరోతో ఒక ఫోటో దిగితే చాలు, ఆ శ్రమంతా మర్చిపోయేవాళ్లు.

ఆ పిల్లలందరూ నాకు తెలిసినవాళ్లే. ఎందుకంటే ఆదివారం పూట నేను తెలుగు క్లాసు చెప్పేదాన్ని. పిల్లల్ని సరిగ్గా కూర్చోబెట్టి అ ఆలు దిద్దించేదాన్ని, వాళ్లకి కాస్త మాట్లాడ్డం వచ్చేసరికి సినిమావాళ్లు వచ్చి, “మేడమ్, తెలుగు రాని పిల్లలు కావాలి” అనేవాళ్లు. నా బతుకంతా ఈ రెంటి మధ్య గడిచింది. అప్పట్లో అది నవ్వులాటగా ఉండేది.

పూజగదికి అడ్డం తెర

నాకు ఈ పని నేర్పిన ప్రొడక్షన్ మేనేజర్ చాలా మంచివాడు. లైట్‌బాయ్ దగ్గర్నుంచి అందరూ తిన్నాక గాని కంచం ముందు కూర్చునేవాడు కాదు. సెట్లో ఎవరిమీదైనా అరిస్తే సాయంత్రానికి వెతుక్కుంటూ వెళ్లి భుజం మీద చెయ్యేసేవాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కాని అమెరికా ఎలా ఉండాలో ఆయన విమానం ఎక్కకముందే తేల్చేసుకున్నాడు.

మొదటిసారి మా వీధి చివరి ఇల్లు ఇప్పించాను. అక్కడ సుగుణగారని, మహా సరదా మనిషి. గుమ్మంలో చెప్పుల స్టాండు, గరాజ్‌లో బియ్యం బస్తాలు, వంటింటి పక్కన పూజగది, హాల్లో పిల్లలు స్పెల్లింగ్ పోటీల్లో తెచ్చుకున్న కప్పులు. యూనిట్ వాళ్లు వస్తూనే వీటన్నిటినీ ఎత్తేశారు. పూజగదికి అడ్డంగా తెర కట్టారు. కప్పులున్న అలమారలో సీసాలు పేర్చారు. గోడకి అర్థంకాని బొమ్మ ఒకటి తగిలించారు. అంతా అయ్యాక మేనేజర్ వెనక్కి జరిగి చూసి, “హమ్మయ్య, ఇప్పుడు అమెరికాలా ఉంది” అన్నాడు.

సుగుణగారు నా పక్కనే నిలబడి ఉంది. “మణీ, మా ఇంట్లో మేమే చుట్టాలమైపోయామే” అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన్ని అడిగాను. “అన్నగారూ, ఇక్కడ తెలుగువాళ్ల ఇళ్లు అచ్చం ఇందాకటిలాగే ఉంటాయండీ. అలాగే తీస్తే పోయేదేముంది?”

“అమ్మా, అది మన విజయవాడలో కూడా ఉంటుంది కదా. దానికోసం ఇంత దూరం ఎందుకు వచ్చాం చెప్పు?” అన్నాడు నవ్వుతూ.

ఆయన లెక్క ఆయనకి సరైనదే. చూసేవాడికి వేరేగా కనిపించాలి. వేరేగా కనిపించాలంటే ఉన్నదాన్ని తీసేసి, లేనిదాన్ని పెట్టాలి. సామాన్లతో పోతే నాకూ బాధ ఉండేది కాదు. సామాన్లయ్యాక పిల్లల మీద పడ్డారు.

లండన్ పిల్ల, న్యూజెర్సీ పిల్ల

ఒకసారి ఒక యూనిట్‌కి లండన్ వీసాలు రాలేదు. హడావుడిగా కథని న్యూజెర్సీకి మార్చారు. కో-డైరెక్టర్ స్క్రిప్టు పట్టుకుని మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. లండన్ అన్నచోటల్లా కొట్టేసి న్యూజెర్సీ అని రాసుకుంటూ పోయాడు. రెండంతస్తుల ఎర్ర బస్సు తీసేసి పసుపుపచ్చ స్కూలు బస్సు పెట్టాడు. నేను టీ పెట్టేలోపల పని అయిపోయింది.

“మరి హీరోయిన్ చెల్లెలో? లండన్‌లో పుట్టిన పిల్ల కదా, ఆమెని మార్చరా?” అని అడిగాను.

“ఆమెకేముంది మేడమ్, ఫారిన్ పిల్లేగా. అక్కడైనా ఇక్కడైనా సేమ్” అన్నాడు.

ఆ ఫారిన్ పిల్ల ఎలా ఉంటుందో మీకందరికీ తెలుసు. పొట్టి గౌను, చేతిలో గ్లాసు, నోట్లో ముక్కలైపోయిన తెలుగు, పెద్దవాళ్లంటే చిరాకు. మగపిల్లవాడైతే చెవిపోగు, మెడలో గొలుసు, తండ్రిని పేరు పెట్టి పిలవడం. ఇండియా నుంచి హీరో దిగి బుద్ధి చెప్పేదాకా ఈ పిల్లలకి అన్నం చేత్తో తినొచ్చని కూడా తెలియదు.

మా ఆడపడుచు ఇంగ్లండులో లెస్టర్‌లో ఉంటుంది. ఈ సంగతి చెప్తే ఆవిడ ఉస్సురుమంది. “వదినా, మా వాడు హుడీ వేసుకుని నడిస్తే ఇక్కడి టీవీలో కత్తి పట్టుకునేవాడి లెక్క. ఆ హుడీతోనే మన సినిమాలో నడిస్తే తాగుబోతు. వాడు పాపం చలేసి వేసుకుంటాడు.” అక్కడ ఊళ్లో ఎక్కడ గొడవైనా వార్తల్లో ముందు చూపించేది తలమీద టోపీ లాక్కున్న కుర్రాళ్లనేనట. బస్ స్టాపులో వీడు నిలబడితే ఒక ముసలావిడ బ్యాగు ఇటు చేతిలోంచి అటు చేతిలోకి మార్చుకుందట. వాడు ఇంటికొచ్చి చెప్పుకుని ఏడ్చాడని చెప్పింది.

ఇక్కడ అమెరికా వాళ్లేమీ తక్కువ తినలేదు. ఒకసారి ఇంగ్లీష్ యాడ్ వాళ్లకి ఇండియన్ కుర్రాడు కావాలంటే మా క్లాసులో చదివిన వాణ్ణి ఒకణ్ణి పంపాను. పుట్టింది, పెరిగింది ఇక్కడే. వాడు నోరు తెరవగానే, నీకు ఇండియన్ యాక్సెంట్ లేదు, పనికిరావు అన్నారట. కంప్యూటర్ బాగుచేసే అబ్బాయి వేషం, వాడు ముక్కుతో మాట్లాడాలి. అదే కుర్రాణ్ణి అంతకు ముందు మన సినిమాకి తీసుకెళ్తే, తెలుగు ఇంత బాగా వస్తే ఎలాగమ్మా అని పక్కన పెట్టారు. ఒకరికి వాడికి తెలుగు రాకూడదు, ఇంకొకరికి ఇంగ్లీష్ రాకూడదు. రెండూ వచ్చిన పిల్లవాడు ఎవరికీ అక్కర్లేదు.

నిత్య

నిత్యకి నా క్లాసు అవసరం లేదు, అయినా వచ్చేది. వాళ్ల అమ్మానాన్నలిద్దరూ ట్రెయిన్ ఎక్కి ఆఫీసులకి వెళ్లేవాళ్లు కాబట్టి ఆమెని పెంచింది అమ్మమ్మ. కరీంనగర్ మనిషి, పేరు లక్ష్మమ్మ. నిత్య తెలుగు అచ్చంగా అమ్మమ్మ తెలుగే, మధ్యమధ్యలో అమెరికా వంకర ఒకటి తగిలేది అంతే. క్లాసులో తక్కిన పిల్లలు ‘నేను వెళ్తాను’ అని వల్లెవేస్తుంటే ఇది వెనక బెంచీలోంచి, “మేం పోతం అంటం టీచర్, తప్పా?” అని అడిగేది. తప్పు కాదని చెప్పడానికి నాకే కొంచెం టైము పట్టింది. మాది తెనాలి.

ఈ పిల్లకి ఇంకో విద్య ఉంది. సినిమాల్లో వచ్చే ఫారిన్ పిల్లల్ని దించేసేది. వాళ్లింటికి వెళ్తే అమ్మమ్మ మంచం మీద కూర్చుని ఉండేది, ఇది ఎదురుగా నిలబడి నడుము తిప్పుతూ, “వ్వాట్ ఈజ్ దిస్ ఫ్ఫ్పప్పు?” అనేది. లక్ష్మమ్మగారు కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వేది. ఆవిడకి కిడ్నీలు బాగుండవు. డయాలసిస్‌కి తీసుకెళ్లి తీసుకొచ్చేది నిత్యే. ఆ సెంటర్లో కూర్చున్నంతసేపూ ఈ ఆటే. పక్క కుర్చీల్లో ఉన్నవాళ్లకి భాష రాకపోయినా నవ్వేవాళ్లట.

ఆ ఇంట్లో ఒక జోకు ఉంది. అమెరికాలో ఏది కొన్నా నచ్చకపోతే తిరిగి ఇచ్చేస్తాం కదా, అది చూసి లక్ష్మమ్మగారికి మొదట్నుంచీ ఆశ్చర్యం. స్వెటర్ బిగువైతే రిటర్న్, మిక్సీ చప్పుడు చేస్తే రిటర్న్. ఒంట్లో బాగోనప్పుడల్లా ఆవిడ అనేది: “నన్ను గూడ రిటర్న్ చేయుర్రి. బిల్లు దాసిపెట్టిన్రా లేదా?”

“బిల్లు లేదు అమ్మమ్మా, ఫైనల్ సేల్ నువ్వు” అనేది నిత్య. అంటే తిరిగి తీసుకోని సరుకన్నమాట.

అంతే, ఇద్దరూ పడిపడి నవ్వుకునేవాళ్లు. నా ఎదురుగానే ఎన్నోసార్లు విన్నాను.

నిత్య కాలేజీలో చేరిన కొత్తలో ఒక యూనిట్ వచ్చింది. అమెరికాలో పుట్టిన పిల్ల వేషం. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మని ఈ పిల్ల విసుక్కుంటుంది, హీరో చెంపదెబ్బ కొడతాడు. తర్వాత పిల్ల మారుతుంది, అమ్మమ్మ పక్కన కూర్చుని తెలుగులో క్షమించమని అడుగుతుంది. డైరెక్టర్‌ది ఇంకా చిన్న వయసు. తెలివైనవాడు. నిత్యని చూడగానే నచ్చింది. నిత్య అతన్ని ఒకటే అడిగింది.

“లాస్ట్ సీన్‌ల నేను నా తెలుగు మాట్లాడొచ్చా?”

“నీ తెలుగే కావాలమ్మా నాకు. ఫస్ట్ సీన్‌లో ఎంత విసిగిస్తావో, సెకండ్ సీన్‌లో అంత ఏడిపించాలి” అన్నాడు.

దాని ముఖం వెలిగిపోయింది. కారెక్కాక నాతో అంది, “ఆంటీ, ఆ బ్యాడ్ గర్ల్‌ని నేను ఎట్ల చేస్తనంటే, అందరికీ తెలిసిపోతది ఇది సినిమా పిల్ల, నిజం పిల్ల కాదని. అటెనక అసలైన పిల్ల వస్తది.”

నాకూ అలాగే అనిపించింది. ఇద్దరం అనుకున్నది ఒకటే. చూసేవాళ్లు మాతో కలిసి ఆ బొమ్మని చూసి నవ్వుతారనుకున్నాం. మేం ఆ పిల్లని ఎరుగుదుం కాబట్టి అందరూ ఎరుగుదురని భ్రమపడ్డాం. ఈ పొరపాటు మా వీధి వాళ్లు మాత్రమే చెయ్యగలరు.

షూటింగ్

మొదటి సీన్‌లో డైలాగు పేలవంగా ఉంది. “ఐ హేట్ గ్రాండ్‌మా” అనో ఏదో. డైరెక్టర్‌కే నచ్చక, “నీకేమైనా తోస్తే చెప్పమ్మా” అన్నాడు నిత్యతో. అది ఒక్క క్షణం ఆలోచించి, చేతిలో ఫోన్ తిప్పుతూ, పెదవి విరుస్తూ అంది: “మామ్, నాక్కు ఈ గ్రాండ్‌మా వొద్దు. రిటర్న్ చేసెయ్.”

సెట్ మొత్తం ఘొల్లుమంది. కెమెరామన్ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. నిత్య నా వైపు చూసి కన్నుకొట్టింది. మా ఇద్దరికే తెలుసు ఆ మాట ఎక్కడిదో.

రెండో సీన్ ఆఖరి రోజున తీశారు. అమ్మమ్మ వేషం వేసిన నటి మంచం మీద పడుకుని ఉంది. నిత్య ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, రాసిచ్చిన కాగితం పక్కన పెట్టేసి, తన మాటల్లో మాట్లాడింది. “అమ్మమ్మా, నేనన్నది మనసుల పెట్టుకోకు. నువ్వు లేకుంటే ఈ ఇంట్ల నాతోని ఎవరు మాట్లాడతరు?” ఆ మాటకి డైరెక్టర్ కంటనీరు పెట్టుకున్నాడు. అంతటి పెద్ద నటి, సీన్ అయ్యాక నిత్యని దగ్గరికి తీసుకుని వదల్లేదు. ఆ రోజు నా పని మీద నాకు గర్వంగా అనిపించింది. ఇన్నేళ్లకి ఒక్క సినిమాలో మా పిల్ల మా పిల్లలాగే కనిపించబోతోంది అనుకున్నాను.

విడుదలకి కొద్దిరోజుల ముందు డైరెక్టర్‌కి ఫోన్ చేస్తే నీళ్లు నములుతున్నాడు. గట్టిగా అడిగితే చెప్పాడు. ఆ సీన్ తీసేశారు.

“ఎందుకు బాబూ? నువ్వే కదా ఏడ్చావు తీసేటప్పుడు?”

“సీన్ సూపర్ మేడమ్, నో డౌట్. కానీ ఎడిటింగ్‌లో చూసినవాళ్లందరూ ఒకటే అన్నారు. అమెరికాలో పుట్టిన పిల్లకి అంత తెలంగాణ యాస ఎలా వస్తుంది, డబ్బింగ్ చెప్పించారా అని. నమ్మట్లేదు మేడమ్. పిల్ల మారినట్టు ఒక పాటలో చూపించేశాం, చీర కట్టుకుని దణ్ణం పెడుతుంది.”

“అది దాని సొంత గొంతయ్యా! అదొక్కటే నీ సినిమాలో నిజం!”

“తెలుసు మేడమ్. నాకు తెలుసు, మీకు తెలుసు. థియేటర్లో వాడికి తెలియదు కదా.”

నేను చాలా మాటలు అన్నాను. అతను అన్నీ పడ్డాడు. ఎదురు మాట్లాడలేదు, సీనూ పెట్టలేదు. చెడ్డవాడైతే ఎంచక్కా తిట్టుకుని మర్చిపోయేదాన్ని. అతను మంచివాడే, పైగా అతని లెక్క కూడా తప్పు కాదు. జనానికి అబద్ధం అలవాటైపోయాక నిజం కృత్రిమంగా కనిపిస్తుంది. దాన్ని అలవాటు చేసిందెవరంటే మేమే, మా ముందువాళ్లే, ఇల్లిల్లూ తెరలు కట్టుకుంటూ.

నిత్యకి చెప్పాను. “ఇట్స్ ఓకే ఆంటీ” అంది. అమ్మమ్మని మాత్రం తీసుకెళ్తానంది.

థియేటర్లో

లక్ష్మమ్మగారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. హాలంతా మా ఊరివాళ్లే. నిత్య తెరమీదకి రాగానే పిల్లలంతా అరిచారు. “రిటర్న్ చేసెయ్” అనగానే లక్ష్మమ్మగారు చప్పట్లు కొట్టి నవ్వింది. “గది నా మాట, నేనన్న మాట” అని పక్కవాళ్లకి చెప్పుకుంటోంది. ఆ వెంటనే తెరమీద హీరో చెయ్యి లేచింది. చెంప ఛెళ్లుమంది. హాలు హాలంతా ఈలలు. వెనక ఎవరో, “ఇంకోటి పీకు!” అని అరిచారు.

లక్ష్మమ్మగారి చప్పట్లు ఆగిపోయాయి. “గిదేంది? నా పిల్లను కొడితె వీళ్లు సీటీలు కొడుతున్నరేంది?” అంది. చీకట్లో నా చెయ్యి పట్టుకుని అడిగింది, “గిప్పుడు మంచి సీను వస్తది గదా మణీ?”

ఆ సీను రాలేదు. చీర కట్టుకుని దణ్ణం పెట్టిన ముక్క అలా వచ్చి ఇలా పోయింది.

ఆ తర్వాత జరిగింది సినిమాకంటే ఎక్కువ. ఆ ముక్కని కోసి ఫోన్లలో తిప్పారు. వాట్సాప్ గ్రూపుల్లో, ‘ఇదీ మన పిల్లల పరిస్థితి’ అని రాసి పంపారు. పంపినవాళ్లలో నిత్య ఎత్తుకుని ఆడించిన పిల్లల తండ్రులున్నారు. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఎవరో ఒక అంకుల్ ప్లేటు పట్టుకుని ఎదురొచ్చి, “ఏమ్మా, అమ్మమ్మని రిటర్న్ చేశావా?” అనడం. వాళ్లకి ఇది అమ్మమ్మని డయాలసిస్‌కి డ్రైవ్ చేసుకెళ్లే సంగతి తెలుసు. తెలిసీ అన్నారు. సరదాకే అన్నారు, అది కూడా నాకు తెలుసు.

మొదట్లో నిత్య, “లేదు అంకుల్, ఫైనల్ సేల్” అని నవ్వేది. కొన్నాళ్లకి నవ్వే మిగిలింది, మాట పోయింది. ఒక పుట్టినరోజు పార్టీలో అది ఏదో తెలుగులో చెప్పబోతుంటే ఒకాయన మధ్యలో అందుకుని, “వాహ్, తెలుగు నేర్చేసుకుందే! హీరోగారి దెబ్బకి!” అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. నిత్య నోరు మూసుకుంది. “ఎక్స్‌క్యూజ్ మీ” అని ఇంగ్లీష్‌లో చెప్పి బయటికి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లాను. కార్ దగ్గర నిలబడి ఉంది.

“ఆంటీ, నేను చిన్నప్పటి నుంచి ఇట్లనే మాట్లాడుతున్న. వాళ్లు విన్నరు. వాళ్లింట్ల తిన్న, వాళ్లింట్ల పడుకున్న. అయినా సినిమానే ఎట్ల నమ్మిన్రు?”

అది నాతో తెలుగులో మాట్లాడిన ఆఖరి మాట అదే.

లాస్యకి

అమ్మా లాస్యా, నీకు పెద్ద బోధలేమీ చెయ్యను. మన పనిలో చెడ్డవాళ్లు తక్కువ. మొహమాటస్తులు, తొందరలో ఉన్నవాళ్లు ఎక్కువ. వాళ్లకి ‘ఫారిన్ పిల్ల’ కావాలంటే నువ్వు ఒక నిజమైన పిల్లని తీసుకెళ్లి ఇవ్వాలి. వేషం వాళ్లు మూటగట్టుకుని విమానం ఎక్కేస్తారు. పిల్ల ఇక్కడే ఉంటుంది, అదే ఫంక్షన్లకి వస్తుంది, అదే అంకుల్స్ ఎదురొస్తారు. నువ్వు కూడా ఇక్కడే ఉంటావు.

ఇల్లు అడిగినప్పుడు చెప్పుల స్టాండు తియ్యొద్దని ఒక్కసారి గట్టిగా చెప్పి చూడు. వింటారని నేను మాటివ్వలేను. నామట్టుకు నేను నవ్వి ఊరుకున్నాను, ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఇక నువ్వు అడిగిన నంబర్ సంగతి. అడగాల్సింది ఆ పిల్లనే కదా అని మొన్న శనివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. లక్ష్మమ్మగారు ఇప్పుడు మంచం దిగడంలేదు. ఆవిడకి ఇష్టమని ఓక్ ట్రీ రోడ్ ఇండియన్ షాపు నుంచి సకినాలు పట్టుకెళ్లాను. తలుపు వాళ్లమ్మ తీసింది, తీసి వంటింట్లోకి వెళ్లింది. నేను హాల్లో చెప్పులు విడుస్తున్నాను. లోపలి గదిలోంచి నిత్య గొంతు వినిపించింది.

“...గామె మా మేనేజర్ అన్నట్టు. మొత్తం నేను జేస్తే, మీటింగ్‌ల తానే జేసినట్టు చెప్తది. నాకు మస్తు కోపమొచ్చింది అమ్మమ్మా. నువ్వైతే ఏమంటుంటివి?”

అలాగే నిలబడిపోయాను. ఎన్నేళ్లయిందో ఆ తెలుగు విని. ధారగా, ఎక్కడా తడుముకోకుండా, ఆఫీసు కబుర్లూ ఎవరో స్నేహితురాలి పెళ్లి కబుర్లూ అన్నీ చెప్పుకుపోతోంది. లక్ష్మమ్మగారు నీరసంగా ఊ కొడుతోంది, మధ్యలో ఒక తిట్టు అందిస్తోంది. విని సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఈ మనిషి వెళ్లిపోయిన రోజున ఆ తెలుగు ఇంకెవరి చెవిన పడుతుంది అన్న భయం ఒక్కటే కలిగింది.

గుమ్మంలో నన్ను చూడగానే నిత్య లేచి నిలబడింది.

“హాయ్ ఆంటీ. షీ జస్ట్ ఏట్. ప్లీజ్ సిట్.”

లక్ష్మమ్మగారు నా చెయ్యి పట్టుకుంది. “మణీ, నన్ను రిటర్న్ చేసెటందుకు వచ్చినవా?” అంది, పళ్లు లేని నోటితో నవ్వుతూ. నేను నిత్య వైపు చూశాను. అది కిటికీ పరదా సర్దుతోంది.

విషయం చెప్పాను. ఫ్రిస్కోలో ఒక అమ్మాయి ఇలా అడిగిందమ్మా, నంబర్ ఇవ్వనా వద్దా నువ్వే చెప్పు అన్నాను. నేను తెలుగులోనే అడిగాను, కొంచెం ఆశతోనే అడిగాను.

నిత్యకి కోపం రాలేదు. మర్యాదగా, నెమ్మదిగా అంది: “టెల్ హర్ ఐ డోంట్ స్పీక్ తెలుగు, ఆంటీ.”

లక్ష్మమ్మగారు మనవరాలి వైపు చూసింది, నా వైపు చూసింది. “అందరికి గట్లనే చెప్తది” అంది మెల్లగా. “నా కాడ దాసుకున్నది.”

సకినాల డబ్బా బల్లమీద పెట్టి హాల్లోకి వచ్చేశాను. గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు పక్కన కూర్చుని చెప్పులు తొడుక్కుంటుంటే, నేను వెళ్లిపోయాననుకుందేమో, నిత్య లోపల మళ్లీ మొదలుపెట్టింది: “ఆఁ, ఏడిదాంక చెప్పిన అమ్మమ్మా?”

తలుపు తీస్తే చప్పుడు విని మాట ఆపేస్తుందని, అది చెప్పడం అయిపోయేదాకా నేను అక్కడే కూర్చున్నాను.